ఏడో ప్రశ్నకు తప్పు కీ: క్లాసులో ఆన్‌లైన్ టెస్టులతో నా అనుభవం

స్పష్ట దృష్టి కనీస దూరం ఎంత? పదో తరగతి ఫిజికల్ సైన్స్‌లో ఇంతకంటే తేలికైన బిట్ ఉండదు. 25 సెంటీమీటర్లు. పుస్తకంలో ఉంది, గైడులో ఉంది, కిందటేడు బ్లాక్‌బోర్డు మీద చెరపని మూలన కూడా ఉంది. 2020 అక్టోబర్‌లో నేను గూగుల్ ఫామ్స్‌లో తయారుచేసిన మొట్టమొదటి టెస్టులో అది ఏడో ప్రశ్న. ఆప్షన్లు 2.5, 25, 50, 250. రాత్రి పదకొండు దాటాక, కళ్ళు మూతలు పడుతుంటే, కీ పెట్టేటప్పుడు 25 మీద నొక్కబోయి 2.5 మీద నొక్కాను. చూసుకోలేదు.

మాది నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. అప్పుడు బడి మూతపడి ఉంది. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ టి-శాట్‌లోనూ పాఠాలు వస్తున్నాయి. పాఠం చూశారో లేదో కనుక్కోవడానికి ఫోన్లు చేసి చేసి గొంతు పోయింది. ఒక శిక్షణలో ఎవరో ఈ ఫామ్ గురించి చెప్పారు. ప్రశ్నలు పెట్టి, క్విజ్‌గా మార్చి, లింకు వాట్సాప్ గ్రూపులో పడేస్తే అదే దిద్ది మార్కులు వేస్తుందని. దిద్దడం తప్పుతుందంటే ఏ టీచరైనా ఏ యాప్ అయినా నేర్చుకుంటుంది.

పొద్దున తొమ్మిదింటికి లింకు పెట్టాను. రాత్రికి 31 మంది రాశారు. 28 మందికి ఇరవైకి ఇరవై. సంతోషంతో హెచ్.ఎం. సార్‌కి స్క్రీన్‌షాట్ పంపబోయి ఆగాను. ఇరవైకి ఇరవై రాని ముగ్గురూ ఎవరా అని చూస్తే, ముగ్గురూ తప్పింది ఒక్క ఏడో ప్రశ్నే. ముగ్గురూ పెట్టింది 25.

అప్పుడు షీట్ తెరిచి ఎవరు ఎన్నింటికి పంపారో వరుసగా చూశాను. మొదటి ఇద్దరు 25 పెట్టారు. పంపగానే మార్కులు కనపడేలా నేను సెట్ చేశాను కాబట్టి వాళ్ళకు ఏడో ప్రశ్న దగ్గర ఎర్రగా తప్పని చూపించి, సరైన జవాబు 2.5 అని కింద రాసి చూపించింది. వాళ్ళు ఆ మాట స్నేహితులకు చేరవేశారు. మూడో పిల్లవాడి నుంచి అందరిదీ 2.5. మా క్లాసు ఫస్టు వచ్చే అబ్బాయిది కూడా 2.5. మూడో 25 మాత్రం రాత్రి 9.40కి ఒక అమ్మాయి పంపింది. నాన్న పని నుంచి వచ్చాకే ఆ ఇంట్లో ఫోన్ దొరుకుతుంది. ఆ తర్వాత ఒక వాయిస్ మెసేజ్ కూడా పెట్టింది. "మేడం, ఏడోది పుస్తకంల ఇరవై ఐదే ఉంది గదా. మీ దాంట్ల తప్పు పడ్డది. మల్ల రాయాల్నా?"

ఆ మెసేజ్ నేను చాలా రోజులు దాచుకున్నాను. ఆ టెస్టు వల్ల నాకు పాఠం గురించి ఏమీ తెలియలేదు, కానీ ఎవరి దగ్గర ఎవరు చూసి రాస్తున్నారో మొత్తం తెలిసిపోయింది. బడిలో ఇరవై ఏళ్ళు కాపలా కాసినా అంత స్పష్టంగా తెలియదు.

తర్వాత సెట్టింగులు మార్చుకున్నాను. మార్కులు వెంటనే చూపించకుండా, నేను చూశాకే విడుదల చేసేలా పెట్టాను. ప్రశ్నల వరుస, ఆప్షన్ల వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా కలిసిపోయేలా పెట్టాను. దాంతో "ఏడోది బి" అని చెప్పుకోవడం ఆగి, "కంటి ప్రశ్నకు ఇరవై ఐదు" అని చెప్పుకోవడం మొదలైంది. అదీ ఒక అభివృద్ధే అనుకున్నాను, కనీసం జవాబు పేరు పలుకుతున్నారు. ఒక్కరు ఒక్కసారే రాసేలా కూడా కట్టడి పెట్టి చూశాను. మర్నాడే ఫోన్లు వచ్చాయి. అక్క పదో తరగతి, తమ్ముడు తొమ్మిది, ఇంట్లో ఫోన్ ఒకటే, అందులో జీమెయిల్ ఖాతా ఒకటే. రెండు తరగతులకూ కలిపి నేను పెట్టిన పునశ్చరణ టెస్టు అక్క రాసేసింది, తమ్ముడిని రానివ్వడం లేదు. ఆ కట్టడి తీసేశాను.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. మార్చిలో మళ్ళీ మూశారు. సెప్టెంబర్‌లో బడి మళ్ళీ తెరుచుకుంది. నిజంగా చెప్పదగ్గ కథ అక్కడి నుంచే.

బడికి ఫోన్ తేకూడదు. తేవద్దని మేమే చెప్పాం, అది సరైనదే. మరి టెస్టు ఎక్కడ రాయాలి? కంప్యూటర్ గదిలో 11 కంప్యూటర్లు, పనిచేసేవి 7. క్లాసులో 42 మంది. అంటే ఆరు విడతలు. పీరియడ్ 45 నిమిషాలు. ఒక్కో విడతకు పదినిమిషాలు వేసుకున్నా గంట, అంటే ఒక పీరియడ్ దాటిపోతుంది, పైగా మొదటి విడత వాళ్ళు బయటికొచ్చి ప్రశ్నలన్నీ చెప్పేస్తారు. ఇంటర్‌నెట్ నా ఫోన్ హాట్‌స్పాట్. మధ్యలో మా ఆయన ఫోన్ చేశాడు, ఏడు స్క్రీన్లూ ఒకేసారి ఆగిపోయాయి. "మేడం, నాది తిరుగుతనే ఉంది" అని అన్ని మూలల నుంచి ఒకటే గోల.

ఆ రోజుల్లోనే ఖాళీ నింపే ప్రశ్నలు పెట్టి ఇంకో తప్పు చేశాను. 12 వోల్టుల బ్యాటరీకి 4 ఓమ్‌ల నిరోధం కలిపితే ప్రవహించే విద్యుత్ ఎంత? కీలో 3 అని పెట్టాను. పిల్లలు ఏం రాశారో చూడండి. 3ఎ. 3 ఆంపియర్. 3 ఆంపియర్లు. మూడు. ఐ = 3. 12/4 = 3. అన్నీ ఒప్పే, అన్నిటికీ సున్నా. మిషన్‌కు నేను ఏం చెప్పానో అదే తెలుసు, అక్షరం అటూ ఇటూ అయితే ఒప్పుకోదు. తెలుగు పదాలతో ఇంకా కష్టం. వక్రీభవనం అని ఒకరు, వక్రీభవనము అని ఒకరు, వక్రిభవనం అని ఇంకొకరు. పేపరు మీదైతే ఈ మూడింటికీ కళ్ళు మూసుకుని మార్కు వేస్తాను. దిద్దడం తప్పుతుందని మొదలుపెట్టిన దాన్ని కూర్చుని 42 మందివి మళ్ళీ చేత్తో దిద్దాను. ఇప్పుడు అంకె రావాల్సిన ప్రశ్న అయితే "ఆంపియర్లలో అంకె మాత్రమే రాయండి" అని ప్రశ్నలోనే రాసి, అంకె తప్ప ఇంకేదీ తీసుకోకుండా వాలిడేషన్ పెడతాను. పదం రావాల్సిన ప్రశ్న అయితే పేపరు మీదే.

ఆ తర్వాత ఆటల మోజు పట్టింది. డిజిటల్ క్లాసు గదిలో తెర ఉంది కదా, దాని మీద ప్రశ్న వేసి, పిల్లలు పిన్ నంబరు కొట్టి చేరి, సంగీతం మోగుతుంటే రంగుల బటన్లు నొక్కే క్విజ్ ఒకటి పెట్టాను. ఆరేడుగురికి ఒక కంప్యూటర్ చొప్పున జట్లు. మొదటి రోజు పండగే. పక్క క్లాసు నుంచి సోషల్ సార్ వచ్చి "ఏం మేడం, పెళ్ళా?" అని అడిగారు. ఒక జట్టు తమ పేరు "హెచ్.ఎం. సార్" అని పెట్టుకుంది. ఆ పేరు తెర మీద చివరి స్థానంలో కనపడుతుండగా అసలు హెచ్.ఎం. సార్ గుమ్మంలో నిలబడ్డారు. ఆయన నవ్వారు కాబట్టి బతికిపోయాం.

మూడోసారి ఆడించినప్పుడు ఒక సంగతి గమనించాను. అలాంటి ఆటల్లో జవాబు ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. మా దగ్గర తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియానికి మారిన పిల్లలు చాలామంది. వాళ్ళు ప్రశ్నను ముందు ఇంగ్లిష్‌లో కూడబలుక్కుంటారు, తర్వాత మనసులో తెలుగు చేసుకుంటారు, అప్పుడు ఆలోచిస్తారు. ఒక అమ్మాయి ఉన్న జట్టుకు పదిలో తొమ్మిది ఒప్పులు. అయినా నాలుగో స్థానం. ఎనిమిది ఒప్పులు చేసినవాళ్ళు మొదటి స్థానంలో గెంతులేస్తున్నారు. ఆ జట్టులో మగపిల్లలు ఆ అమ్మాయిని "నువ్వే లేట్ చేసినవ్" అన్నారు. తర్వాతి ప్రశ్నకు ఆ అమ్మాయి చదవడం మానేసి చేతులు కట్టుకుంది. తప్పు ఆటది కాదు. పరుగు పందెం తెచ్చి పాఠంలో పెట్టింది నేను. అలాంటి ఆట ఇప్పుడు నవంబర్ 14కో, సెలవులకు ముందు రోజో మాత్రమే, మూలకాల సంకేతాల వంటి వాటికే ఆడిస్తాను. ఎన్‌ఏ అంటే సోడియం అని చెప్పడానికి ఆలోచన అక్కర్లేదు, వేగం చాలు.

ఈ గొడవలన్నీ పడ్డాక దొరికింది ప్లిక్కర్స్. ఇందులో పిల్లల చేతిలో ఏ యంత్రమూ ఉండదు. ఒక్కొక్కరికి ఒక అట్ట కార్డు. దాని మీద నల్లటి గళ్ళ బొమ్మ, క్యూఆర్ కోడ్‌కు దూరపు చుట్టంలా ఉంటుంది. నాలుగు వైపులా చిన్న అక్షరాలతో ఎ, బి, సి, డి. ఏ జవాబు అనుకుంటే ఆ అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకోవాలి. టీచర్ తన ఫోన్‌లో యాప్ తెరిచి, కెమెరాతో క్లాసును ఒక చివర నుంచి ఇంకో చివరకు చూపిస్తే చాలు. ఎవరి కార్డు ఏ వైపు ఉందో ఫోన్ చదివేస్తుంది. ఒక్కో కార్డు మీద బొమ్మ వేరు, అక్షరాలు చిన్నవి. అందుకే పక్కవాడి కార్డు చూసినా వాడు ఏం పెట్టాడో తెలియదు. నెట్ కావల్సింది నా ఒక్క ఫోన్‌కే.

కార్డులు ఉచితంగానే ప్రింట్ తీసుకోవచ్చు. 40 కార్డుల సెట్ తీశాను. క్లాసు అంతకంటే పెద్దదైతే 63 కార్డుల సెట్ కూడా ఉంది. ఎక్కువ రోజులు ఉండాలని జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను. డబ్బు దండగ. మెరిసే ప్లాస్టిక్ మీద కిటికీ వెలుగు పడి కిటికీ పక్క వరుస మొత్తం ఫోన్‌కు కనపడలేదు. "మేడం, నాది తీస్కోలే" అని కార్డు ఊపితే ఇంకా కనపడదు. రెండోసారి మామూలు కాగితం మీదే ప్రింట్ తీసి, ఇంట్లో పోగుపడ్డ పెళ్ళి కార్డుల అట్టలకు అంటించాను. అవి మూడేళ్ళు వచ్చాయి. వెనక నుంచి చూస్తే అన్నీ శుభలేఖలే, ముందు నుంచి చూస్తే పరీక్ష. వేళ్ళు గళ్ళ మీద పడకుండా అంచులు పట్టుకోవడం అలవాటు చేయడానికి వారం పట్టింది. కార్డు నంబరే రోల్ నంబరు. అందుకే ఇక్కడ నా పిల్లల గురించి చెప్పేటప్పుడు కార్డు నంబర్లతో చెబుతాను.

ఒక రోజుకు ఒకటో రెండో ప్రశ్నలు, వారం మొత్తానికి అయిదారు. అంతకంటే ఎక్కువ పెట్టను. ఎందుకో చెప్పాలంటే బంతి ప్రశ్న దగ్గరికి రావాలి.

తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణ పాఠం. పైకి విసిరిన బంతి అన్నిటికంటే ఎత్తైన చోట ఉన్నప్పుడు దాని త్వరణం ఎంత? ఎ) సున్నా. బి) 9.8, పైకి. సి) 9.8, కిందికి. డి) బంతి బరువును బట్టి ఉంటుంది. పాఠం చెప్పి రెండు రోజులే అయింది, సమీకరణాలన్నీ నోటికొచ్చు. కెమెరా తిప్పాను. 40 మందిలో సి పెట్టింది 9 మంది. 24 మంది ఎ. డి అన్నవాళ్ళు 5 మంది, బి ఇద్దరు.

చేతులెత్తించి అడిగి ఉంటే ఇది తెలిసేది కాదు. ముందు బెంచీ చేతులు చూసి వెనక బెంచీ చేతులు లేస్తాయి. నోటితో అడిగితే ముగ్గురు కలిసి "కిందికి మేడం!" అంటారు, నేను "వెరీ గుడ్" అని ముందుకు పోతాను. ఎన్నేళ్ళు అలా పోయానో.

జవాబు చెప్పకుండా, పక్కవాళ్ళతో వాదించుకోండి, మళ్ళీ అడుగుతాను అన్నాను. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి చేస్తున్న పద్ధతి ఇదేనని ఎక్కడో చదివాను. ముందు ఎవరికి వారు జవాబు పెట్టాలి, తర్వాత పక్కవారిని ఒప్పించాలి, మళ్ళీ జవాబు పెట్టాలి. అయిదు నిమిషాలు క్లాసు సంతలా ఉంది. మళ్ళీ కెమెరా తిప్పాను. సి 7కి పడిపోయింది. ఎ 30కి పెరిగింది.

నా ముఖం చూసి పిల్లలు ఏదో అయిందని గ్రహించారు. కార్డు 11 గొంతు పెద్దది, వాడు అంటే చుట్టుపక్కల నాలుగు బెంచీలకు వినపడుతుంది. "పైన ఆగిపోయినంక త్వరణం యాడ ఉంటది?" అని వాడు వాదించి, ఒప్పు పెట్టినవాళ్ళను కూడా మార్చేశాడు. ఇంటికెళ్ళి ఆ పద్ధతి గురించి మళ్ళీ చదివాక తెలిసింది, ఒప్పు జవాబులు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య వచ్చినప్పుడే పిల్లల్ని పిల్లలకు వదిలేయాలట. అంతకంటే తక్కువ వస్తే మళ్ళీ పాఠం చెప్పాలి. మాది 22 శాతం. నేను సగం చదివి మొదలుపెట్టాను.

మర్నాడు బంతి తీసుకెళ్ళాను. కార్డు 11నే పిలిచి విసరమన్నాను. "పైన వేగం సున్నా, ఒప్పుకున్నాం. త్వరణం కూడా సున్నా అయితే వేగం మారదు. మారకపోతే బంతి ఏం చేయాలి?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కార్డు 11 మెల్లగా అన్నాడు, "అక్కడ్నే ఏలాడాలె మేడం." మిగతాది వాడే చెప్పాడు.

విద్యుత్ పాఠంలో మాత్రం ఆ పద్ధతి అనుకున్నట్టే పనిచేసింది. ఒకే రకం బల్బులు రెండు శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? 40 మందిలో 17 మంది సమానంగా అన్నారు. ఎక్కువమంది మొదటి బల్బు అన్నారు, ఎందుకంటే మొదటిది కొంత కరెంటు "తినేస్తది", రెండోదానికి తక్కువ మిగులుతుంది. పొలాల్లో కాలువ మొదట్లో ఉన్నవాడికి నీళ్ళు, చివర ఉన్నవాడికి ఎండిన కాలువ. మా పిల్లలకు తెలిసిన లోకం అది, అందులో వాళ్ళ లెక్క సరైనదే. వాదించుకున్నాక 31 మంది సమానంగా అన్నారు. టార్చి బల్బులు, సెల్స్ పెట్టి వెలిగించాను. అమ్మీటర్‌ను మొదటి బల్బుకు ముందొకసారి, రెండు బల్బుల మధ్యనొకసారి, రెండోదాని తర్వాతొకసారి పెట్టి చూపించాను. మూడు చోట్లా ఒకటే అంకె. కాలువలో నీళ్ళు పొలం పీల్చుకుంటుంది, తీగలో కరెంటు అలా ఖర్చయిపోదు, బల్బు తీసుకునేది శక్తిని అని అప్పుడు చెబితే ఎక్కింది.

ఇక్కడికి వచ్చాక నా పని మారిపోయింది. అంతకుముందు టెస్టు తయారుచేయడమంటే ఒప్పు జవాబు రాసి, పక్కన మూడు ఏవో పడేయడం. న్యూటన్ ఏ దేశస్థుడు అన్న ప్రశ్నకు ఆప్షన్లలో "చంద్రుడు" పెట్టే రకం. ఇప్పుడు సమయమంతా తప్పు ఆప్షన్లకే పోతుంది. తప్పు జవాబు నమ్మేలా ఉండాలి, పిల్లవాడి తలలో నిజంగా ఉన్న తప్పు అయి ఉండాలి. అవి ఎక్కడ దొరుకుతాయంటే పాత జవాబు పత్రాల్లో. ఎస్.ఏ. (సమ్మేటివ్, అంటే పెద్ద పరీక్షల) పేపర్లు దిద్దేటప్పుడు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుంటాను. ఎవరైనా ఆలోచించి మరీ తప్పు రాస్తే అందులోకి ఎక్కిస్తాను. "తుప్పు పడితే ఇనుము బరువు తగ్గుతుంది." "ఆమ్లం ఎంత గాఢంగా ఉంటే పీహెచ్ అంత ఎక్కువ." "కుంభాకార కటకం సగం మూస్తే బొమ్మ సగమే వస్తుంది." ఆ నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరున్న అన్ని గైడుల కంటే విలువైనది. గూగుల్ ఫామ్స్‌లో కూడా నేను ముందు చూసేది మార్కుల పట్టిక కాదు, ఒక్కో ప్రశ్నకు ఏ ఆప్షన్ ఎంతమంది పెట్టారో చూపించే బొమ్మ. తప్పులన్నీ ఒకే ఆప్షన్ మీద పడితే అది మర్నాటి పాఠం. అన్ని ఆప్షన్ల మీదా సమానంగా చెదిరితే పిల్లలు గుడ్డిగా పెట్టారని, బహుశా ప్రశ్నే అర్థం కాలేదని. ఈ రెండో రకం వస్తే పిల్లల్ని తిట్టను, ప్రశ్న తిరగరాస్తాను.

కార్డు 23 సంగతి వేరు. ఆ అబ్బాయికి మూడు వారాల్లో ఒప్పులు చాలా తక్కువ. కానీ ఒక రోజు కరెంటు పోయి, తెర లేక, ప్రశ్నలు నేనే గట్టిగా చదివాను, ఆప్షన్లతో సహా. ఆ రోజు వాడివి అన్నీ ఒప్పు. ఆ తర్వాత వారం కావాలనే ఒక రోజు తెర మీద, ఒక రోజు చదివి అడిగాను. అదే తీరు. వెనక బెంచీలో కూర్చుంటాడు, ఎప్పుడూ కళ్ళు చికిలించి చూస్తాడు. అల్లరి చూపు అనుకునేదాన్ని. స్క్రీనింగ్‌కు వచ్చిన డాక్టర్‌కు ముందుగా వాడినే చూపించాను. హ్రస్వదృష్టి. పదో తరగతిలో మానవుని కన్ను పాఠం ఎన్నేళ్ళుగా చెబుతున్నాను, పుటాకార కటకం బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశాను. వాడు నా ఎదురుగా కూర్చుని ఆ బొమ్మ కనపడక పక్కవాడి పుస్తకంలో చూసి గీసుకున్నాడు.

హెచ్.ఎం. సార్ ఒకసారి అడిగారు, "మేడం, ఈ కార్డుల మార్కులు ఎఫ్.ఏ.లో వేసేయొచ్చు కదా, పని తగ్గుతుంది." ఎఫ్.ఏ. అంటే ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్. దానికి 20 మార్కులు, అందులో స్లిప్ టెస్ట్‌కు 5. వేయొచ్చు. కానీ మార్కు ఉందని తెలిసిన మర్నాటి నుంచి పిల్లలు తమకు తోచింది పెట్టరు, కార్డు 11 వైపు చూసి పెడతారు. నాకు వాళ్ళ తప్పు కావాలి. స్లిప్ టెస్ట్ పేపరు మీదే పెడతాను సార్ అన్నాను. ఆయన ఒప్పుకున్నారు కానీ, పూర్తిగా నమ్మలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతారు.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. కూలికి వెళ్ళే ఇళ్ళలో అది చిన్న మొత్తం కాదు. మ్యాట్ (మానసిక సామర్థ్య పరీక్ష)లో 90, శ్యాట్ (పాఠాల మీద పరీక్ష)లో 90 ప్రశ్నలు, ఒక్కోదానికి 90 నిమిషాలు. అన్నీ బిట్లే కాబట్టి ఆన్‌లైన్ టెస్టులకు ఇంతకంటే సరైన చోటు లేదనుకున్నాను. మ్యాథ్స్ సార్, నేను కలిసి కంప్యూటర్ గదిలో ఏడేసి మందికి, లీజర్ పీరియడ్లలో ఫామ్‌ల మీద నెలల తరబడి ప్రాక్టీస్ చేయించాం. మార్కులు పెరుగుతూ వచ్చాయి. పరీక్షకు నెల ముందు అసలు ఓఎంఆర్ (గుండ్రాలు నింపే జవాబు పత్రం) నమూనా ఇచ్చి 90 నిమిషాలు కూర్చోబెడితే తేలింది మా తెలివి. ఒక అమ్మాయి 34వ ప్రశ్న వదిలేసి, దాని గడిలో 35 జవాబు దిద్దింది. అక్కడి నుంచి చివరిదాకా అన్నీ ఒక గడి పైకి. ఇంకొకరు గడి దిద్దడానికే ఎంత సమయం తిన్నారంటే చివరి ఇరవై ప్రశ్నలు చూడనే లేదు. స్క్రీన్ మీద వేలితో తాకడం వేరు, నల్ల బాల్‌పెన్నుతో గుండ్రం నింపడం వేరు. ఆ చివరి నెల ఫామ్‌లు పక్కన పెట్టేశాం. పేపరు మీదే రాయించి, దిద్దడానికి మాత్రం జిప్‌గ్రేడ్ వాడాం. దాని జవాబు పత్రం మామూలు కాగితం మీద ప్రింట్ తీసుకుని, పిల్లలు గడులు దిద్దాక ఫోన్ కెమెరా కింద పెడితే మార్కులు చెప్పేస్తుంది. పరీక్ష ఎలా ఉంటుందో ప్రాక్టీస్ కూడా అలా ఉండాలని మా అమ్మ కూడా చెప్పగలదు, మాకు తెలియడానికి ఒక సీజన్ పట్టింది.

ఇప్పుడు మా బడిలో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, నెట్ కూడా ముందుకంటే మేలు. అయినా నా వారం ఇంతే. సోమవారం మూడు పాత ప్రశ్నలు, కిందటి నెలవి. మధ్యలో ఎప్పుడైనా ఒక కార్డు ప్రశ్న. పాఠం అయిపోయాక ఇంటి దగ్గర రాసుకునే ఒక ఫామ్, ఎన్నిసార్లయినా రాయొచ్చు, పుస్తకం చూసి రాయొచ్చు, నాకు పట్టింపు లేదు. ఫోన్ లేని ఆరుగురికి అదే ప్రశ్నపత్రం జిరాక్స్. కీ పెట్టాక పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి చూసుకుంటాను.

కిందటి నెల కొత్తగా ఒకటి మొదలుపెట్టాను. ప్రశ్నలు పిల్లల్నే రాయమంటున్నాను. షరతు ఒకటే: మూడు తప్పు జవాబులూ ఎవరో ఒకరు నమ్మేలా ఉండాలి. నమ్మినవాళ్ళు ఎంతమంది ఉంటే రాసినవాళ్ళకు అన్ని చప్పట్లు. మొదట్లో "పైవన్నీ", "పైవేవీ కావు" అని రాసుకొచ్చారు, వెనక్కి పంపాను. శుక్రవారం కార్డు 23 ఒకటి తెచ్చాడు, కళ్ళజోడు సర్దుకుంటూ. స్విచ్ ఆపేశాక కూడా ఫ్యాన్ కాసేపు ఎందుకు తిరుగుతుంది? ఎ) తీగలో మిగిలిన కరెంటు వల్ల. బి) జడత్వం వల్ల. సి) అప్పటికే కదులుతున్న గాలి రెక్కలను తోయడం వల్ల. డి) స్విచ్ నుంచి ఫ్యాన్ దాకా కబురు లేటుగా పోవడం వల్ల.

తెర మీద వేసి కెమెరా తిప్పాను. ఎ 18, బి 14, సి 6, డి ఇద్దరు. ఒప్పులు 35 శాతం. వాదించుకోండి అన్నాను. వాడు బోర్డు పక్కన నిలబడి ఎవరికీ ఏమీ చెప్పకుండా చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. కార్డు 11 లేచి వెళ్ళి గోడ మీద స్విచ్ వేసి ఆపి, వేసి ఆపి, రెక్కల కింద తల పెట్టి చూస్తున్నాడు. ఇంతలో లాంగ్ బెల్ కొట్టారు, ఎవరూ సంచులు సర్దుకోవడం లేదు.